మీ మెనూ కార్డు వెనకున్న ఆ నాలుగు లైన్లు మార్చండి: హైదరాబాద్ మైక్రోబ్రూవరీల వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు నడుపుతున్న యజమానులకు, వాటిలో బీరు తయారుచేస్తున్న బ్రూవర్లకు,

నమస్కారం.

మాది నిజామాబాద్ జిల్లా. ఇంగ్లండ్‌లో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే చిన్న ఊళ్ళో పదహారేళ్ళుగా ఉంటున్నాను. బీరు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. బీరును పులియబెట్టే ఈస్ట్ బతికి ఉందా, నీళ్ళలో లవణాలు ఎంతున్నాయి, పీపాలో చేరకూడని బ్యాక్టీరియా ఏమైనా చేరిందా అని చూడడమే నా రోజువారీ పని. మొన్న మేనల్లుడి పెళ్ళికి ఇంటికొచ్చినప్పుడు పిల్లలంతా పట్టుబట్టి మీలాంటి ఒక చోటికి తీసుకెళ్ళారు. బీరు బాగుంది. శుభ్రంగా ఉంది, ఎక్కడా పుల్లదనం లేదు. ముందు ఆ మాట చెప్పడం న్యాయం.

మెనూ కార్డు తిప్పి చూస్తే వెనకవైపు తెరచాప ఓడ బొమ్మ. దాని కింద ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్ అనే లేత రంగు బీరు, ఎలా పుట్టిందో నాలుగు లైన్లలో రాశారు. మామూలు బీరు ఇండియా చేరేలోపే పులిసిపోయేదట. 1780లలో జార్జ్ హాడ్జ్‌సన్ అనే లండన్ బ్రూవర్ హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) దండిగా వేసి, ఆల్కహాల్ పెంచి, సముద్రాన్ని తట్టుకునే కొత్త బీరు కనిపెట్టాడట. పెళ్ళికొడుకు అది చదివి, "మామా, ఇది మీ ఊరి బీరేనా?" అని అడిగాడు. పాటల హోరులో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ వారంలోనే ఇంకో రెండు చోట్లకు వెళ్ళాను. అక్కడా అదే ఓడ, దాదాపు అవే మాటలు. ఆ కథ తప్పు. ఎక్కడ తప్పో, అసలు జరిగింది ఏమిటో చెప్పడానికే ఈ లేఖ.

బీరు ఇండియాకు రావడం హాడ్జ్‌సన్‌తో మొదలు కాలేదు. 18వ శతాబ్దం మొదటి నుంచే ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇక్కడికి బీరు వస్తూనే ఉంది. 1784లో కలకత్తా గెజెట్‌లో లండన్ పోర్టర్‌కీ, పేల్ ఏల్‌కీ ప్రకటన వచ్చింది. నల్లటి పోర్టర్ కూడా అదే సముద్రం దాటి, అదే ఎండలు తట్టుకుని, తాగదగ్గ స్థితిలోనే చేరింది. కంపెనీ సైనికులు ఎక్కువగా తాగింది పేల్ ఏల్ కాదు, పోర్టరూ, సారాయీ. పేల్ ఏల్ అధికారుల బల్లల మీదికి, వ్యాపారుల ఇళ్ళకు వెళ్ళేది. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలన్న సలహా 1760ల నాటికే బ్రూవర్లందరికీ తెలుసు. ఇక ఆల్కహాల్ అంటారా, ఆ బీరులో ఉన్నది సుమారు 6 శాతం. ఆనాటి ఇంగ్లండ్‌లో పెద్ద జమీందారులు ఇళ్ళలో కాయించుకుని నిలవపెట్టుకునే ఏల్స్ ముందు ఇది తేలికదే. ఆ పేరు కూడా 1780లలో లేదు. ఇప్పటిదాకా దొరికిన వాటిలో 'ఈస్ట్ ఇండియా పేల్ ఏల్' అన్న మాట మొదటిసారి అచ్చయింది 1829లో, అదీ ఆస్ట్రేలియాలోని సిడ్నీ పత్రికలో. ఇంగ్లండ్‌లో 1835లో లివర్‌పూల్ పత్రికలో కనిపిస్తుంది.

మరి హాడ్జ్‌సన్ పేరు ఎందుకంత మోగింది? ఆయన చేసిన పని నిజంగానే గొప్పది, కానీ అది కాగులో చేసిన పని కాదు.

1752లో ఆయన బ్రూవరీ పెట్టిన చోటు తూర్పు లండన్‌లోని బో. అక్కడికి దగ్గర్లోనే బ్లాక్‌వాల్ రేవు. ఇండియాకు వెళ్ళే ఓడలు అక్కడే లంగరేసేవి. ఓడ కెప్టెన్లకు తమ సొంత సరుకు కొంత తీసుకెళ్ళి అమ్ముకునే హక్కు ఉండేది. పందిమాంసం, జున్ను, టోపీలు, గాజు సామాను, వైన్, బీరు, ఇక్కడి తెల్లవాళ్ళు దేనికి మొహం వాచి ఉంటారో అది పట్టుకొచ్చేవాళ్ళు. ఇండియా నుంచి వెళ్ళేటప్పుడు ఓడ నిండేది కానీ, ఇటు వచ్చేటప్పుడు అంత సరుకు ఉండేది కాదు. కాబట్టి బరువైన పీపాలకూ చోటు దొరికేది, కిరాయీ తక్కువే. పక్కనే ఉన్న హాడ్జ్‌సన్ ఆ కెప్టెన్లకు బీరు ఉద్దెరకు ఇచ్చాడు. నెలా రెండు నెలలు కాదు, పద్దెనిమిది నెలల దాకా. పీపాలు తీసుకెళ్ళి, అమ్ముకుని, తిరిగొచ్చాక డబ్బు కట్టొచ్చు. లండన్‌లో ఆయన కంటే పదింతలు పెద్ద బ్రూవరీలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళెవరూ ఈ చిన్న బేరం కోసం అంత కాలం డబ్బు బిగబట్టుకుని కూర్చోలేదు. ఇండియా మార్కెట్ హాడ్జ్‌సన్ చేతికి రావడం వెనక ఉన్నది ఈ ఉద్దెర ఖాతా, ఆ రేవు దగ్గరితనం. మన ఊళ్ళలో కిరాణా కొట్టు వాళ్ళకు ఈ సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఆయన పంపింది అప్పటికే ఇంగ్లండ్‌లో అలవాటున్న 'అక్టోబర్ బీరు'. కొత్త మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), కొత్త హాప్స్ చేతికొచ్చాక అక్టోబర్‌లో కాచి, ఏడాది రెండేళ్ళు నేలమాళిగలో నిలవపెట్టే రకం. ఓడ గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగైదు నెలలకు గానీ ఇక్కడికి చేరదు. ఆ వేడికీ, ఆ కుదుపుకీ పీపాలో ఉన్న బీరు తొందరగా మాగింది. నేలమాళిగలో ఏడాదిన్నర పట్టే పని సముద్రం మీద అయిదు నెలల్లో అయిపోయింది. మా ల్యాబ్ భాషలో చెప్పాలంటే, మామూలు ఈస్ట్ వదిలేసిన చక్కెరలను పీపా చెక్కలో దాగిన ఇంకో ఈస్ట్ మెల్లగా తినేసింది. ఆ ఈస్ట్‌ను 1904లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ శాస్త్రవేత్త క్లాసెన్ బ్రిటిష్ ఏల్స్‌లో పట్టుకుని బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. అంటే బ్రిటిష్ శిలీంధ్రం. దిగిన పీపా తెరిస్తే లోపల తీపి లేని, తేటగా మెరిసే బీరు. దాన్ని ఎవరూ ప్లాన్ చేసి కనిపెట్టలేదు. అలవాటైన బీరు అలవాటు లేని దారిలో ప్రయాణించి అలా తయారైంది.

మీ కార్డు మీద ఓడ బొమ్మ ఉంది గనక ఇంకో మాట. ఆ ఓడ మద్రాసుకు వచ్చి ఆగేది ఒడ్డున కాదు, నడి సముద్రంలో. 19వ శతాబ్దం చివరి దాకా మద్రాసుకు సరైన హార్బర్ లేదు. అలల హోరులోంచి సరుకును ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. మేకులు కొట్టిన పడవైతే ఆ అల దెబ్బకు ఇసుకలో పగిలిపోతుంది. ఇది వంగుతుంది, నిలుస్తుంది. పేల్ ఏల్ పీపా అయినా, గవర్నరు గారి గుర్రబ్బండి అయినా ఆ పడవల్లోనే దిగాలి. ఆ తర్వాత కంటోన్మెంట్ల దాకా ఎడ్లబండ్లు. లండన్‌లో హాడ్జ్‌సన్ పేరు రాసుకున్నాం, ఆ తెడ్లు వేసిన వాళ్ళవి ఒక్క పేరూ రాసుకోలేదు. నాకది చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను.

బర్టన్‌లో బీరు కాయడం మఠం కాలం నుంచీ ఉంది. 1002లో ఏర్పడిన క్రైస్తవ సన్యాసుల మఠం అక్కడిది. ట్రెంట్ నదిని పడవలకు అనువుగా చేసే చట్టం 1699లో వచ్చింది. దాంతో బర్టన్ పీపాలు హల్ రేవు మీదుగా బాల్టిక్ సముద్రం దాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా వెళ్ళాయి. తిరుగు ఓడల్లో పీపాలకు పనికొచ్చే ఓక్ కలప వచ్చేది. అప్పటి బర్టన్ ఏల్ అంటే ముదురు రంగు, మంచి తీపి, బాగా ఘాటు. రష్యా వాళ్ళకు అదే ఇష్టం. నెపోలియన్ యుద్ధాల్లో ఆ వ్యాపారం కుంటుపడింది. తర్వాత 1822లో రష్యా ఇంగ్లిష్ బీరు మీద భారీ సుంకం వేసింది. ఒక్క సుంకం దెబ్బకు ఊరు ఊరంతా దిక్కు తోచని స్థితిలో పడింది.

సరిగ్గా అదే సమయంలో లండన్‌లో హాడ్జ్‌సన్ వారసులకు ఆశ పెరిగింది. మనమే బీరు పంపుకుంటే కెప్టెన్ల లాభం కూడా మనకే కదా అనుకున్నారు. ఉద్దెర ఆపేశారు, ధర పెంచారు. కెప్టెన్లకూ, కంపెనీ పెద్దలకూ ఒళ్ళు మండింది. కంపెనీ డైరెక్టర్ క్యాంబెల్ మార్జోరీబ్యాంక్స్ బర్టన్ బ్రూవర్ శామ్యూల్ ఆల్సప్‌ను పిలిచి, హాడ్జ్‌సన్ బీరు చూపించి, ఇలాంటిది చేయగలవా అని అడిగాడు. ఆల్సప్ దాన్ని బర్టన్ తెచ్చి తన మాల్ట్ మేస్త్రి జాబ్ గుడ్‌హెడ్‌కు రుచి చూపిస్తే, ఆ చేదుకు ఆయన ఉమ్మేశాడని, తర్వాత ఒక టీ కెటిల్‌లో నమూనా కాచాడని చెబుతారు. కెటిల్ సంగతి ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు అచ్చయిన మాట. దాన్ని కథగానే తీసుకోవాలి. 1823 నుంచి ఆల్సప్ పీపాలు ఇండియాకు బయలుదేరాయన్నది మాత్రం కథ కాదు. వెంటనే బాస్ అనే ఇంకో బర్టన్ బ్రూవర్ వచ్చాడు, ఇంకొందరు వచ్చారు. పదేళ్ళు తిరిగేసరికి హాడ్జ్‌సన్ గుత్తాధిపత్యం పోయింది.

బర్టన్ గెలవడానికి ఇంకో కారణం నేల కింద ఉంది. అక్కడి బావుల నీళ్ళు జిప్సం పొరల్లోంచి ఊరి వస్తాయి. మన వేరుశనగ రైతులు ఊడలు దిగే సమయంలో చేలో వేసే జిప్సమే ఇది. లీటరు నీళ్ళలో 600 మిల్లీగ్రాములకు పైగా సల్ఫేట్ ఉంటుంది. ఆ నీళ్ళతో కాస్తే హాప్స్ చేదు పలుచగా, పదునుగా నిలుస్తుంది, లేత రంగు బీరు తేటగా వస్తుంది. లండన్ నీళ్ళు నల్లటి పోర్టర్‌కు బాగా కుదిరేవి, లేత బీరుకు అంతగా కాదు. ఇప్పటికీ మా ఊళ్ళో పీపా నుంచి అప్పుడే పట్టిన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు అగ్గిపుల్ల గీసినప్పటి వాసన కొడుతుంది. దాన్ని అక్కడివాళ్ళు 'బర్టన్ స్నాచ్' అంటారు. అర నిమిషంలో పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పాడైందేమో అనుకుంటారు. నేనూ మొదటి రోజు అలాగే అనుకుని, ఆ శాంపిల్‌ను పక్కన పెట్టాను.

ఈ ఇండియా వ్యాపారం వల్లే బర్టన్ పెద్దదైందని మీ కార్డు చదివినవాళ్ళు అనుకుంటారు. అదీ పూర్తి నిజం కాదు. 19వ శతాబ్దంలో బ్రిటన్ బీరులో ఎగుమతి అయింది నూటికి రెండు మూడు వంతులకు మించదు. ఇండియా పేరు తెచ్చింది, డబ్బు స్వదేశంలో వచ్చింది. అక్కడ ఏం జరిగిందో చూడండి. 1830లో బీరు మీద పన్ను ఎత్తేశారు. రెండు గినీలు కడితే ఎవరైనా బీరు దుకాణం తెరవొచ్చన్నారు. ఆరు నెలల్లో 24,000 దుకాణాలు వెలిశాయి. 1839లో బర్టన్‌కు రైలు వచ్చింది. అంతకుముందు లండన్‌కు టన్ను సరుకు పంపాలంటే సుమారు 3 పౌండ్లు, రైలు వచ్చాక 15 షిల్లింగులు (పౌండుకు 20 షిల్లింగులు), అంటే నాలుగోవంతు. 1845లో గాజు మీద పన్ను పోయింది. లేత బంగారు రంగు బీరును గ్లాసులో చూసుకుని తాగే మోజు మొదలైంది. ఇండియా పేరున్న బీరు లండన్ గుమాస్తాల బీరు అయింది.

మీలో ఎవరైనా లండన్ నుంచి పారిస్ రైలు ఎక్కి ఉంటే, సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం కింద ఇనుప స్తంభాల మధ్య నడిచే ఉంటారు. 1868లో తెరిచిన ఆ స్టేషన్ కింది భాగం బర్టన్ బీరు పీపాల గోదాము. స్తంభాల మధ్య దూరాన్ని పీపాల కొలతను బట్టి నిర్ణయించానని దాన్ని కట్టిన ఇంజనీరు బార్లోయే చెప్పాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ స్తంభం మీద చెయ్యి వేసి వస్తాను. 1880 ప్రాంతంలో బర్టన్‌లో ముప్పై దాకా బ్రూవరీలు ఉండేవి. వాటి ఉత్పత్తి ఏడాదికి 30 లక్షల బ్యారెళ్ళు. బ్యారెల్ అంటే 36 గ్యాలన్లు, సుమారు 164 లీటర్లు. అంటే దేశం మొత్తం బీరులో దాదాపు పదోవంతు ఈ ఒక్క చిన్న ఊరిది. ఒక్క బాసే 10 లక్షల బ్యారెళ్ళ దగ్గరికి చేరాడు. 1876 జనవరి 1న బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల రిజిస్టర్ తెరిస్తే అందులో మొదటి నంబరు బాస్ ఎర్ర త్రికోణానిదే.

నన్ను ఆ ఊరికి కట్టిపడేసింది మాత్రం వేరే. 1852లో ఇంగ్లిష్ చేదు బీరులో స్ట్రిక్నిన్ విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. ఆల్సప్, బాస్ వెంటనే పేరున్న రసాయన శాస్త్రవేత్తలు గ్రాహం, హాఫ్‌మన్‌ల చేత పరీక్ష చేయించి, విషం లేదని పత్రికల్లో ప్రకటించారు. ఆ తర్వాత బ్రూవరీలే కెమిస్టులను ఉద్యోగాల్లో పెట్టుకున్నాయి. అలా 1862లో ఆల్సప్ దగ్గర చేరినవాడు పీటర్ గ్రీస్. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన ప్రతి తెలుగు విద్యార్థీ డయజోటైజేషన్ అని రాసి మార్కులు తెచ్చుకున్నాడు కదా, ఆ చర్యను కనిపెట్టినవాడు ఈయనే. ప్రపంచంలోని అజో రంగులకు మూలం అదే. ఆయన బతికినంత కాలం, 1888 దాకా, బర్టన్ బ్రూవరీలోనే పనిచేశాడు. అలాంటి కెమిస్టులే వర్దింగ్టన్ అనే ఇంకో బర్టన్ బ్రూవరీలో హొరేస్ బ్రౌన్, బాస్‌లో కార్నీలియస్ ఓసలివాన్. వీళ్ళు కొందరు కలిసి 1876లో 'బాక్టీరియం క్లబ్' అని పెట్టుకుని సాయంత్రాలు కూర్చుని ఈస్ట్ గురించి, బ్యాక్టీరియా గురించి చర్చించుకునేవాళ్ళు. మీ కార్డు మీద ఓడ బదులు ఒక మైక్రోస్కోప్ బొమ్మ వేస్తే నాకు ఎంత సంతోషమో.

ఇండియాలో ఆ బీరు ఏమైందో కూడా మీ కథలో లేదు. ఇక్కడి చల్లటి కొండల మీదే బ్రూవరీలు మొదలయ్యాయి. హిమాలయాల్లో కసౌలి, 1860లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న మర్రీ, దక్షిణాన నీలగిరులు. సైన్యం మెల్లగా వాటి దగ్గరే కొనడం మొదలుపెట్టింది. శతాబ్దం చివరికొచ్చేసరికి ఐసుతో చల్లబరుచుకునే జర్మన్ లాగర్ తెల్లవాళ్ళ బల్లల మీద పేల్ ఏల్‌ను పక్కకు నెట్టింది. దక్షిణాదిలోని అయిదు చిన్న బ్రూవరీలను కలిపి 1915లో థామస్ లీష్‌మన్ యునైటెడ్ బ్రూవరీస్ ఏర్పాటు చేశాడు. కింగ్‌ఫిషర్ ఆ ఇంటిదే. ఇండియా పేరు పెట్టుకున్న బీరు ఇండియాలో కనుమరుగైంది.

ఇంగ్లండ్‌లో దాన్ని నీరుగార్చింది యుద్ధం, పన్ను. 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ మీద పన్ను తీసేసి, పులియబెట్టకముందు రసంలో ఎంత చక్కెర ఉందో కొలిచి దాని మీద పన్ను వేశాడు. బలమైన బీరు చేస్తే ఎక్కువ పన్ను, పలుచని బీరుకు తక్కువ. ఇక చూడండి. 1914లో యుద్ధం వచ్చేనాటికి బ్యారెల్‌కు పన్ను 7 షిల్లింగుల 9 పెన్సులు. ఆ నవంబర్‌లోనే 23 షిల్లింగులు చేశారు. 1920 నాటికి 100 షిల్లింగులు. ధాన్యం రొట్టెకు కావాలి గనక ఉత్పత్తికీ కోత పెట్టారు. ఏడాదికి మూడున్నర కోట్ల బ్యారెళ్ళు దాటిన దేశంలో ఉత్పత్తి 1917 వచ్చేసరికి దాదాపు సగానికి పడిపోయింది. సగటు గ్రావిటీ, అంటే పులియకముందు రసం చిక్కదనం (నీళ్ళు 1000 అనుకుంటే), 1052 నుంచి 1030 దగ్గరికి జారింది. ఆ గ్రావిటీ మళ్ళీ ఎప్పుడూ పాత స్థాయికి ఎక్కలేదు. 1931లో ఇంకోసారి పన్ను పెంచితే అమ్మకాలు కుప్పకూలి, రెండేళ్ళకు తగ్గించుకోవాల్సి వచ్చింది. అందుకే ఇంగ్లండ్ పబ్బుల్లో పోసే గ్రీన్ కింగ్ ఐపీఏ అనే బీరు బలం ఏళ్ళ తరబడి 3.6 శాతం దగ్గర ఉంటూ వచ్చింది. మీ కుర్రాళ్ళు అది చూసి మోసం అనుకోవచ్చు. కాదు, వందేళ్ళ పన్నుల చరిత్ర ఆ గ్లాసులో ఉంది.

ఆ తర్వాతి కథ కంపెనీలు కంపెనీలను కొన్న కథ. 1900లో ఆరు వేలకు పైగా ఉన్న బ్రూవరీలు 1980 నాటికి రెండు వందల లోపుకు తగ్గాయి. ఉత్పత్తి మాత్రం 1979లో నాలుగు కోట్ల బ్యారెళ్ళు దాటి శిఖరానికి చేరింది. అప్పటి నుంచి కిందికే. 1960లో వందలో ఒకటిగా ఉన్న లాగర్ 1990 వచ్చేసరికి సగమైంది. నాలుగింట మూడొంతుల బీరు ఆరు కంపెనీలదే అయిందని 1989లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. రెండు వేలకు మించి పబ్బులున్న బ్రూవరీ, ఆ పైనున్న వాటిలో సగాన్ని అమ్మేయాలి, లేదా ఎవరి బీరైనా అమ్ముకోనివ్వాలంది. మేలు జరుగుతుందనుకున్నారు. పబ్బులు బ్రూవరీల చేతిలోంచి పబ్ కంపెనీల చేతిలోకి పోయాయి. 2000లో బాస్ తన బ్రూవరీలను బెల్జియం కంపెనీకి అమ్మేసింది. ఇవాళ బర్టన్‌లో బాస్ కట్టిన బ్రూవరీ ఒకరిది, బాస్ అన్న పేరు ఇంకొకరిది. 2022లో బర్టన్‌లోని బీరు మ్యూజియం ఉన్న ప్రాంగణం మూతపడింది. 2024లో పీపాల వరుసల్లో బీరు పులియబెట్టే 'యూనియన్' పద్ధతి, 1838లో పేటెంట్ తీసుకున్న పద్ధతి, మా ఊళ్ళో ఆగిపోయింది. ఒక్క సెట్టును మాత్రం డర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ అనే చిన్న బ్రూవరీ తీసుకెళ్ళి బతికించింది. ఆ వార్త చదివిన రోజు నాకు పని మీద మనసు నిలవలేదు.

మీరు పోస్తున్న ఐపీఏ అసలు ఈ వంశంలో నేరుగా రాలేదు. 1970లలో అమెరికాలో చిన్న బ్రూవర్లు ఆ పాత పేరును తీసుకుని, 1972లో వచ్చిన క్యాస్కేడ్ లాంటి తమ హాప్స్‌తో కొత్తగా కాచారు. ఆ నారింజ తొక్క వాసన, గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస లాంటి పండు) వాసన అక్కడివి. కలకత్తా దిగిన పీపాలో అవి లేవు. ఇందులో తప్పేం లేదు. ఉన్నదున్నట్టు రాయండి చాలు.

ఇదంతా నాకు ఎలా తెలుసని అడగొచ్చు. చిట్టాపుస్తకాల వల్ల తెలుస్తుంది. ఏ రోజు ఎంత మాల్ట్, ఎంత హాప్స్, నీళ్ళ వేడి ఎంత, గ్రావిటీ ఎంత, పన్ను ఎంత కట్టారో బ్రూవర్లు వందల ఏళ్ళు రాసిపెట్టారు. కట్టుకథల్ని కొట్టేసింది ఆ లెక్కలే. నేను బర్టన్‌లో చేరిన కొత్తలో ఒక చోట పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించామని చెప్పి పుస్తకాలను చెత్త తొట్టెలో పడేశారు. వానలో తడుస్తున్న తొట్టెలోంచి ఒకటి తీశాను. 1960ల నాటిది. పెన్సిల్‌తో రాసిన గళ్ళు, చివరి గడిలో ఎవరో బ్రూవర్ ఆ రోజు వాతావరణం, ఈస్ట్ మందంగా ఉందన్న సంగతి రాసుకున్నాడు. మిగతావి సాయంత్రానికి లారీ ఎక్కాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించింది అంకెలు మాత్రమే, ఆ చివరి గడి కాదు.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. మొదటిది, ఆ నాలుగు లైన్లు మార్చండి. ఇంత పొడుగ్గా అక్కర్లేదు, నాలుగు లైన్లలోనే చెప్పొచ్చు. ఇలా రాసుకోండి: "లండన్ రేవు పక్కనున్న హాడ్జ్‌సన్ ఓడ కెప్టెన్లకు ఉద్దెరకిచ్చిన అక్టోబర్ బీరు ఇండియా దారిలో మాగి పేరు తెచ్చుకుంది. రష్యా సుంకం దెబ్బతిన్న బర్టన్ ఊరు 1823 నుంచి తన జిప్సం నీళ్ళతో దాన్ని ఇంకా తేటగా చేసింది. మద్రాసులో దాన్ని ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలవాళ్ళు. ఈ గ్లాసులోని హాప్స్ అమెరికావి." నా పేరు అక్కర్లేదు, మీ మాటల్లో మార్చుకున్నా సంతోషమే.

రెండోది, మీ బ్రూ షీట్లు, అంటే ప్రతి బ్యాచ్ లెక్కలు రాసుకునే కాగితాలు, పారేయకండి. మన దగ్గర ఈ పని మొదలై పదేళ్ళే అయింది. లైసెన్సు ఫీజు పెరిగినప్పుడు రెసిపీ ఎలా మారింది, దిగుమతి మాల్ట్ బదులు దేశీ మాల్ట్ ఎప్పుడు వాడారు, ఎండాకాలం కరెంటు పోతే ట్యాంకు ఏమైంది, ఇవన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఒక అట్టపెట్టెలో పెట్టి తేదీ రాయండి. వాతావరణం గడి కూడా ఒకటి పెట్టుకోండి.

సంక్రాంతికి మళ్ళీ వస్తున్నాను. మీలో ఎవరైనా ఒప్పుకుంటే, మీ లైసెన్సు నిబంధనలకు లోబడి ఒక చిన్న బ్యాచ్ చేద్దాం. మీ ఆర్‌ఓ నీళ్ళలో బర్టన్ లెక్క ప్రకారం జిప్సం కలుపుదాం. లేత మాల్ట్ ఒక్కటే వాడదాం, హాప్స్ ఇంగ్లండ్‌లోని కెంట్‌వి నేను తెస్తాను. షీటు నేనే రాస్తాను. తయారయ్యాక మా మేనల్లుణ్ణి పిలిచి మొదటి గ్లాసు వాడికే ఇద్దాం. అగ్గిపుల్ల వాసన వస్తే పారబోయొద్దని ముందే చెప్పి ఉంచాను.

ఇట్లు,
బర్టన్ అపాన్ ట్రెంట్ నుంచి ఒక ల్యాబ్ ఉద్యోగి